జాతర వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ పడింది, తీసేయాలా?

పాలమూరు కెమెరా:
అన్నా, మాది దేవరకద్ర దగ్గర. జాతరలు, సంతలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటా. కురుమూర్తి జాతరలో ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు తీశాను, 22 నిమిషాలు, నా ఛానల్లో బాగా నడిచింది అదొక్కటే. మొన్న పొద్దున లేచి చూస్తే కాపీరైట్ క్లెయిమ్, అంటే వీడియోలో మా పాట ఉందని పాట వాళ్ల నోటీసు. మిర్చి బజ్జీల బండి దగ్గర సౌండ్ బాక్సులో ఏదో సినిమా పాట మోగుతోంది, నేను డప్పుల వెంట దాని ముందు నుంచి నడిచిపోయాను, 40 సెకన్లు కూడా లేదు. పాట పెట్టింది బజ్జీలాయన, దొరికింది నేను! యాడ్ డబ్బులు రావాలంటే 1,000 సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం చూసిన సమయం 4,000 గంటలు కావాలి కదా, సబ్‌స్క్రైబర్లు దాటారు, గంటలు ఇంకా 900 తక్కువ. ఛానల్ పోతుందేమోనని టెన్షన్. డిలీట్ కొట్టేయనా?

బత్తాయి తోట:
తమ్మీ, డిలీట్ మాత్రం చేయకు. చేస్తే ఆ వీడియోకి వచ్చిన గంటలన్నీ పోతాయి, ప్రైవేట్‌లో పెట్టినా లెక్కలోకి రావు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. స్ట్రైక్ అంటే పాట వాళ్లు వీడియోనే తీసేయిస్తే ఛానల్ మీద పడే దెబ్బ. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానల్‌కి ఎసరు, క్లెయిమ్‌తో అలా కాదు, మామూలుగా ఆ వీడియో మీద యాడ్ డబ్బులు పాట వాళ్లకు పోతాయంతే. యూట్యూబ్ స్టూడియోలో క్లెయిమ్ వివరాలు తెరువు, పాట ఒక్కటే తీసేసేది, సౌండ్ మొత్తం మ్యూట్ చేసేది, ఆ ముక్క కత్తిరించేది ఉంటాయి. ముందు పాట తీసేసేది చూడు. లింకు, వ్యూస్ అట్లనే ఉంటాయి. నాకూ అయిందిలే, మా నల్లగొండ వైపు బత్తాయి కోత తీస్తుంటే కూలీల ఫోన్లో పాట, పని చేసుకునేవాళ్లను ఆపమని ఎట్ల అంటాం?

ఎడిటింగ్ రాత్రి:
40 సెకన్లకే భయమెందుకు, క్లెయిమ్ తప్పని డిస్‌ప్యూట్ వెయ్యి బ్రో.

బత్తాయి తోట:
ఇన్ని సెకన్ల లోపు వాడుకోవచ్చు అనే రూలే లేదు. డిస్‌ప్యూట్ వేస్తే జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులుంటాయి. కాదన్నాక నువ్వు అప్పీలు చేసి, వాళ్లు వీడియో తీసేయమని పెట్టారనుకో, అప్పుడు పడేది నిజమైన స్ట్రైక్. పాట మనది కానప్పుడు ఆ లొల్లి ఎందుకు?

సోమశిల పడవ:
ఇంకోటి, ఆ 900 గంటల కోసం షార్ట్స్ మీద పడకు. నేను ఆరు నెలలు అదే పని చేశాను. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం 4,000 గంటల్లో కలవదు. షార్ట్స్ దారిలో పోవాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి, మన కృష్ణ ఒడ్డు వీడియోలకు అయ్యే పనేనా? నీ 22 నిమిషాల లాంటివే ఇంకో నాలుగు తియ్యి. అన్నట్టు, యాడ్ డబ్బులు పడే యాడ్‌సెన్స్ అకౌంట్లో 10 డాలర్లు పడ్డాక, అడ్రస్ సరిచూసే పిన్ నంబరు పోస్టులోనే వస్తుంది, అడ్రస్‌లో మీ నాన్న పేరు కూడా రాయి. మా ఊరి పోస్ట్‌మ్యాన్‌కి ఛానల్ పేరు తెలియదు, మా నాన్న తెలుసు.

పాలమూరు కెమెరా:
పాట తీసేశాను అన్నా, క్లెయిమ్ పోయింది. కాకపోతే ఆ ముక్కలో డప్పు నీళ్లలో మోగినట్టుంది. అమ్మకు చూపిస్తే ఫోన్ చెడిపోయిందా అంది.