సెగా సాటర్న్ గేములకి పాత మ్యాగజైన్లు వేసిన మార్కులు: ఎవరివి నమ్మొచ్చు?

పాతగేములు_వైజాగ్
తొంభైల నాటి సెగా గేమ్ కన్సోల్ సాటర్న్‌ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ పెట్టుకున్నాక ఏది ముందు ఆడాలో తేల్చుకుందామని తొంభైల నాటి మ్యాగజైన్ల స్కాన్లు తిరగేస్తున్నా. జపాన్‌వి, బ్రిటన్‌వి, అమెరికావి పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరు ఆకాశానికెత్తిన గేముని ఇంకొకరు పర్లేదు అని వదిలేశారు. మీరు ఎవరి మార్కులు చూసి ఆడారు, ఆడాక ఏమనిపించింది?

క్వార్టర్_సర్కిల్
ముందు ఆ మార్కు ఎలా వేశారో చూడు బ్రో. జపాన్ గేమ్ పత్రిక ఫామిట్సులో నలుగురు విడివిడిగా ఆడి ఒక్కొక్కరు 10కి మార్కులు వేస్తారు, అవి కలిపితే 40కి. అందరూ ఆ మొత్తమే చెప్పుకుంటారు గానీ నేను విడి మార్కులే చూస్తా. నలుగురూ తలా 8 వేసినా 32, ఒకరు 10, ఒకరు 9, ఒకరు 7, ఒకరు 6 వేసినా 32. నేనైతే రెండో రకం గేమే ముందు పెడతా, ఎవరో ఒకరికి అది పిచ్చిగా నచ్చిందన్నమాట. ఇంకో సంగతి, అప్పట్లో వాళ్ళ చేతిలోంచి 40 రాలడం మహా కష్టం. 1991లో నింటెండో వాళ్ళ సూపర్ ఫామికామ్ కన్సోల్ మీది జెల్డా గేముకి 39 పడింది. మొదటి 40 మాత్రం 1998లో నింటెండో 64 ఒకరీనా ఆఫ్ టైమ్‌కి, రెండోది 1999లో సాటర్న్ తర్వాత సెగా తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ మీది సోల్‌క్యాలిబర్‌కి. సాటర్న్‌కి ఒక్కటీ రాలేదు. అంతమాత్రాన అందులో గొప్ప గేములు లేవనుకుంటే ఘోరం.

బెజవాడ_కుర్రాడు
నా ఓటు పాఠకులకే. జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ వేసిన సెగా సాటర్న్ మ్యాగజైన్‌లో పాఠకుల మార్కుల పట్టిక ఉండేది, డబ్బు పెట్టి కొని ఆడినవాళ్ళు పంపిన మార్కుల సగటు అది. రివ్యూ కోసం కంపెనీ పంపే ప్రెస్ కాపీ ఫ్రీగా అందుకుని డెడ్‌లైన్ లోపు రాసేవాళ్ళ మాటకీ దీనికీ చాలా తేడా ఉంటుంది కదా. ఆ పట్టికలో అట్టడుగున ఉన్నది 1996లో ఎకోల్ వాళ్ళు తీసిన డెత్ క్రిమ్సన్ అనే గన్ గేము. సగటు 1.0909, 10కి! దాదాపు అందరూ ఒకటే వేశారన్నమాట. కానీ అక్కడితో అయిపోలేదు, అంత చెత్త గేమా చూద్దాం అని జనం వెతుక్కుని మరీ కొన్నారు, అందులో డైలాగులు జపాన్‌లో జోకులుగా తిరిగాయి, చివరికి డ్రీమ్‌కాస్ట్‌లో రెండో భాగం కూడా వచ్చింది. మధ్యలో 6 మార్కులు తెచ్చుకున్న గేములని ఇప్పుడు ఎవరు తలుచుకుంటున్నారు చెప్పండి?

లీడ్స్_తెలుగోడు
నేను ఉండేది ఇంగ్లండ్‌లో, ఇక్కడ పాత సంచికలు ఇంకా దొరుకుతాయి కాబట్టి బ్రిటన్ సంగతి చెప్తా. ఇక్కడి సెగా సాటర్న్ మ్యాగజైన్ వేరు, అది సెగా అధికారిక పత్రిక, మార్కులు శాతాల్లో ఉండేవి. అధికారిక పత్రిక అనగానే కొట్టిపారేయకండి. దాని ఎడిటర్ రిచర్డ్ లెడ్‌బెటర్ తర్వాత గేముల టెక్నికల్ సంగతులు పరీక్షించే డిజిటల్ ఫౌండ్రీ పెట్టాడు, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు పడతాయన్నది) లెక్కల మీద ఆయనకున్న పట్టు ఆ పేజీల్లోనే కనిపిస్తుంది. 1998లో ఆ పత్రిక పాంజర్ డ్రాగూన్ సాగా అనే గేము మొదటి డిస్కుని మొత్తంగా కవర్ మీద ఫ్రీగా ఇచ్చేసింది. పాఠకుడు ఇంట్లో కూర్చుని తనే ఆడి తేల్చుకోవచ్చు, ఇక ఏ అంకె కావాలి?

ఇక 10కి మార్కులు వేసే బ్రిటన్ పత్రిక ఎడ్జ్‌ది ఇంకో లెక్క. 1996లో సూపర్ మారియో 64కి ఇచ్చేదాకా వాళ్ళు ఎవరికీ 10 ఇవ్వలేదు. కాబట్టి ఎడ్జ్‌లో 7 చూసి బాగోలేదేమో అనుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. అప్పట్లో యూరప్ టీవీలు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ మార్చేవి, జపాన్ అమెరికాలవి 60. మార్పులు సరిగ్గా చెయ్యకపోతే యూరప్ డిస్కు ఆరో వంతు నెమ్మదిగా నడిచేది, పైనా కిందా నల్ల పట్టీలు కూడా. అంటే ఇక్కడి రివ్యూ, జపాన్ రివ్యూ ఒకే గేము మీద రాసినట్టే కనిపించినా నిజానికి వాళ్ళు ఆడింది ఒకటి కాదు.

పాతగేములు_వైజాగ్
ఈ 50 హెర్ట్జ్ సంగతి నా బుర్రలో లేనే లేదు! మరి 1995లో సాటర్న్‌కి వచ్చిన కార్ రేసు గేము డేటోనా యూఎస్ఏ మార్కుల మీద అంత గొడవ ఎందుకు?

క్వార్టర్_సర్కిల్
అది వేరే కథ. ఆర్కేడ్‌లో, అంటే కాయిన్ వేసి ఆడే మెషీన్‌లో, డేటోనా సెకనుకి 60 ఫ్రేములు, సాటర్న్‌లో సుమారు 20, దూరంగా ఉన్న కొండలు రోడ్డు ఎదురుగా హఠాత్తుగా పుట్టుకొచ్చేవి. గ్రాఫిక్స్ చూసి మార్కు వేసినవాడు తక్కువ వేస్తాడు, కారు డ్రిఫ్ట్ చూసి వేసినవాడు ఎక్కువ వేస్తాడు, ఇద్దరిదీ నిజమే. అదే ఏడాది చివర్లో వచ్చిన వర్చువా ఫైటర్ 2, సెగా ర్యాలీ ఆడి చూడు, అదే మెషీన్ ఎంత ఎదిగిందో తెలుస్తుంది. అందుకే రివ్యూ తేదీ చూడకుండా మార్కు చూడొద్దంటా.

కాకినాడ_కన్సోల్
మన ఊళ్ళల్లో అప్పుడు ఈ మ్యాగజైన్లు ఎక్కడివి, వీడియో గేమ్ షాపు అన్న ఏ క్యాసెట్ బాగుందంటే అదే రివ్యూ. ఇప్పుడు ఈ స్కాన్లు చదువుతుంటే ఆ వయసులో ఇవి చేతికొచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. సరే గానీ బెజవాడ బ్రో, డెత్ క్రిమ్సన్‌కి గన్ లేకపోతే కుదరదా?

బెజవాడ_కుర్రాడు
మెడ్నాఫెన్ ఎమ్యులేటర్‌లో మౌస్‌నే గన్‌గా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో పోర్ట్ 1కి గన్ ఎంచుకో, కుదరకపోతే ఇక్కడే అడుగు.