పక్కన మనిషి కదిలితే మెలకువ వస్తోంది. ఏ ఫోమ్ పరుపు తీసుకోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మావారు నైట్ షిఫ్ట్ అయ్యాక తెల్లవారుజామున వచ్చి పడుకుంటారు. ఆయన మంచం ఎక్కగానే నాకు మెలకువ. నేను లేస్తే ఆయనకీ అంతే. ఇప్పుడున్నది పాత స్ప్రింగ్ పరుపు. మంచం 78 అంగుళాల పొడవు, 72 వెడల్పు. షాపువాళ్లు మెమరీ ఫోమ్ (నొక్కితే దిగి, మెల్లగా పైకి లేచేది) తీసుకోమంటున్నారు. ఎండాకాలం దాని మీద పడుకోలేమని మా అక్క అంటోంది. ఏం చేయమంటారు?

ఒక జవాబు: పాత పరుపుల్లో ఎక్కువగా స్ప్రింగులన్నీ ఒకదానికొకటి తీగతో కట్టి ఉంటాయండీ. ఒక పక్క నొక్కితే రెండో పక్క ఊగేది అందుకే. కదలికను మింగేయడంలో మెమరీ ఫోమ్ మంచిదే, కానీ మీ అక్కగారి మాటా నిజమే. అది వేడికి మెత్తబడుతుంది, ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో కరెంటు పోయిన రాత్రి తలుచుకోండి. అందుకని మొత్తం అదే వద్దు. కింద గట్టి ఫోమ్, పైన 2 అంగుళాల మెమరీ ఫోమ్ ఉన్నవి చూడండి. ఏసీ లేని గదైతే పైపొర రబ్బరుతో చేసే లేటెక్స్‌ది మేలు, కాస్త ఎగిరినట్టు ఉంటుంది కానీ గాలి ఆడుతుంది.

నన్నడిగితే అసలు ఒకే పరుపు ఎందుకు? మీ మంచం మీద 78×36వి రెండు సరిగ్గా పడతాయి. మందం మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి. ఆయనకి గట్టిది, మీకు మెత్తనిది కావాలన్నా కుదురుతుంది. ఆయన ఎక్కితే మీ పరుపు కదలదు. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారో అనే బెంగ అక్కర్లేదు, పైన ఒకటే దుప్పటి పరిస్తే ఎవరికి తెలుస్తుంది! మధ్య సందు విడిపోకుండా రెండింటినీ కలిపి చుట్టూ బెల్టు బిగించండి.

ఇంకొకరు: కొనేముందు ఉన్న పరుపునే నేల మీద వేసి పడుకుని చూడండి. కుదుపు బాగా తగ్గితే తప్పు మంచానిది కూడా. నట్లు బిగించండి. స్టోరేజీ మంచమైతే ప్లైవుడ్ పలకల కింద రబ్బరు ముక్కలు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: చూశామండీ. కిర్రుమనే శబ్దం మంచానిదే, నట్లు బిగిస్తే పోయింది. ఊగడం మాత్రం నేల మీదా అలాగే ఉంది. రెండు విడి పరుపులే తీసుకుంటాం. షాపులో 40 డెన్సిటీ అంటున్నారు, నమ్మొచ్చా?

మొదట జవాబిచ్చినవారు: తూకం వేయించండి. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు. 78×36 సైజులో 6 అంగుళాల మందం పరుపు ఆ లెక్కన దాదాపు 11 కిలోలు తూగాలి. 7, 8 కిలోలే ఉంటే లోపల తేలిక ఫోమ్ ఉన్నట్టే, అది త్వరగా గుంట పడుతుంది. అడుగున ముక్కలు అతికించిన రీబాండెడ్ పొర ఉంటే బరువు పెరుగుతుంది, అప్పుడీ లెక్క పనికిరాదు. అందుకే కవరు జిప్పు తీసి లోపలి పొరలు చూపించమనండి. జిప్పు లేదంటే వేరే షాపు చూసుకోండి.