బెంగళూరు నేర వార్తల్లో జాతి, లింగ వివక్షను లెక్కగట్టడం ఎలా?

హెణ్ణూరు_పాఠకురాలు: ఎంఏ జర్నలిజం ప్రాజెక్టు ఇది. తెలుగు, కన్నడ పత్రికల ఆర్కైవ్‌లో ‘నైజీరియన్’, ‘ఆఫ్రికన్’ అని వెతికి వార్తలు పోగుచేస్తున్నాను. ఆడవాళ్లు నిందితులైన వార్తలూ తీసుకోవాలనుంది. పద్ధతి సరైనదేనా? ఏ కాలమ్‌లు పెట్టుకోవాలి?

పాత_డెస్క్: ఆ వెతుకులాటతోనే చిక్కండీ. దేశం పేరు రాసిన వార్తలే మీకు దొరుకుతాయి. రాయనివి, అసలు అచ్చుకే ఎక్కనివి లెక్కలోకి రావు. వివక్ష ఎక్కువగా ఉండేది అక్కడే. ముందు కేసుల జాబితా, తర్వాతే పత్రిక. ఒకే రకం నేరం తీసుకోండి, ఉదాహరణకు ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులు, ఆరు నెలలవి. ప్రతి ఎఫ్ఐఆర్‌కూ వార్త వచ్చిందా, ఏ పేజీ, ఎన్ని సెంటీమీటర్లు, శీర్షికలో దేశం పేరుందా, ఫొటో ఉందా అని నింపండి. కన్నడిగుడో తెలుగువాడో పట్టుబడినప్పుడు ఊరి పేరు శీర్షికకెక్కిందా అన్నది కూడా రాసుకోకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

స్థానిక ఠాణాలు మాత్రమే చూడకండి. డ్రగ్స్ కేసుల్లో సీసీబీ (నగర పోలీసుల సెంట్రల్ క్రైమ్ బ్రాంచ్), సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) స్టేషన్లవి కలపకపోతే పెద్దవన్నీ జారిపోతాయి. లైంగిక నేరాలకు ఈ దారి పనికిరాదు. ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టాలన్న 2016 సుప్రీంకోర్టు ఆదేశం వాటిని మినహాయించింది.

శీర్షికల_పిచ్చి: ఆడవాళ్ల విషయానికి ‘కర్త’ అని ఒక కాలమ్ తప్పకుండా పెట్టండి. ‘ప్రియుడితో కలిసి భర్తను చంపిన భార్య’ అన్నప్పుడు చేసిన మనిషి కళ్లెదుటే ఉంటుంది. ‘వరకట్న వేధింపులకు వివాహిత బలి’ అన్నప్పుడు వేధించినవాడు ఎక్కడున్నాడు? మగ దొంగ ‘దొంగ’ దగ్గరే ఆగుతాడు, ఆడదైతే ‘కిలాడీ లేడీ’ అయిపోతుంది. కర్త ఉన్నాడు, లేడు, ‘గుర్తు తెలియని’ అని మూడు కోడ్‌లు చాలు. బాధితురాలు బయట ఉన్న వేళ, ఆమె దుస్తులు, ప్రేమ వ్యవహారం ప్రస్తావించారా అన్నదానికి వేరే కాలమ్.

పదో వంతు వార్తలను ఇంకొకరితో విడిగా కోడ్ చేయించి కప్పా (యాదృచ్ఛికంగా కలిసినవి తీసేసి ఇద్దరి ఏకీభావాన్ని కొలిచే సంఖ్య) చూడండి. 0.7 దాటితే సాధారణంగా ఒప్పుకుంటారు. అరుదైన కోడ్‌ల దగ్గర ఇద్దరూ ఏకీభవించినా కప్పా పడిపోతుంది, అందుకే ఏకీభవించిన శాతం కూడా పక్కన వేయండి.

పాత_డెస్క్: ఇంకోటి, పోలీసుల ప్రెస్ నోట్. నాలుగు పత్రికల్లో ఒకే వాక్యం కనిపిస్తే ఆ మాట పోలీసులదే, పత్రిక చేసింది దాన్ని వేయడం. రెండింటినీ కలిపేస్తే తప్పు ఎవరిదో తేలదు. 2016 జనవరి 31 రాత్రి సంగతి తీసి చూడండి. సూడాన్ వ్యక్తి కారు ఢీకొని ఒక మహిళ చనిపోయింది. ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థినిపై జనం దాడిచేశారు. అప్పటి కర్ణాటక హోంమంత్రి అది జాతి వివక్ష కాదన్నారు. ఆ మాటకు ఎంత చోటిచ్చారు, విద్యార్థిని మాటకు ఎంతిచ్చారు, కొలిచి చూడండి.

హెణ్ణూరు_పాఠకురాలు: థాంక్సండీ. అత్యాచార వార్తల క్లిప్పింగులు అనుబంధంలో ఉన్నవి ఉన్నట్టు పెట్టొచ్చా?

సెక్షన్_72: పెట్టకండి. బాధితురాలిని గుర్తుపట్టించే వివరాలు అచ్చువేస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జూలైకి ముందు ఇది ఐపీసీ 228ఏ. పేరు ఒక్కటే కాదు, కాలేజీ, వీధి, బంధువుల పేర్లు కూడా నల్లగీత కొట్టాలి. చనిపోయిన బాధితురాలికీ ఇదే వర్తిస్తుందని నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మైనర్లయితే పోక్సో చట్టం సెక్షన్ 23 కూడా చూసుకోండి.