మాంత్రికుల ఇళ్లు దాచాలా, బయటే ఉంచాలా?

గోల్కొండ_గబ్బిలం
నేను కథ నడిపిస్తుంటే మీరు పాత్రలై ఆడే మన ఆదివారం ఆట మళ్లీ లొల్లితోనే ఆగింది కాబట్టి ఇక్కడే తేల్చుకుందాం. మన కల్పిత నగరాన్ని పాతబస్తీ నమూనాలోనే గీసుకున్నాం కదా. మాంత్రికుల ఇళ్లు ఎవరికీ కనపడకూడదని నా పట్టు. నవాబుల దేవిడీలు, అంటే వాళ్ల పెద్ద భవంతులు చూడండి. వీధివైపు ఎత్తు గోడ, పెద్ద దర్వాజా, అంతే. లోపల చౌక్ (నడిమి వాకిలి) ఉందో, జనానా (ఆడవాళ్ల భాగం) ఎటుందో బయట మిర్చి బజ్జీలు వేసేవాడికి తెలీదు. దానికి మాయ కూడా తోడైతే ఆ గోడ కూడా కనపడదు.

మూసీ_ఒడ్డు
బజ్జీలోనికే అన్నీ తెల్సు అన్నా. ఎవలొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు, అన్నీ. నాది ఒక్కటే ప్రశ్న. కనపడని ఇంటికి నీళ్లు ఎవలు మోస్తరు?

గోల్కొండ_గబ్బిలం
మాంత్రికుడికి నీళ్లు ఓ సమస్యా?

మూసీ_ఒడ్డు
మన ఆటల నీళ్లు పుట్టించే మంత్రం లేదు. ఎడారి కథప్పుడు నువ్వే తీసేసినవ్. మణికొండల మా అపార్ట్‌మెంట్ ఎండాకాలమంత ట్యాంకర్ల మీదనే బతుకుతది. పై ఫ్లాటాయన ఎవ్వరితోని మాట్లాడడు, పేరు గూడ తెల్వదు. కానీ ఆయన గుట్టంత వాచ్‌మన్‌కు ఎర్కే. నా వాటా నీళ్లు ఎటు పోతున్నయో నాకు చెప్పింది ట్యాంకర్ డ్రైవరే.

ఉస్మానియా_బిస్కట్
అసోసియేషన్ సెక్రటరీగా నిలబడు భయ్యా, నా ఓటు నీకే.

గోల్కొండ_గబ్బిలం
గోల్కొండలో పర్షియన్ చక్రాలతో నీళ్లు తోడి, అంచెలంచెలుగా కొండ మీది తొట్లలోకి ఎక్కించారు. అక్కణ్నుంచి మట్టి గొట్టాల్లో మహళ్లకు పంపారు. మోసేవాడు గుమ్మం దాకా రానక్కర్లేదు.

మూసీ_ఒడ్డు
చక్రం తిప్పినోడెవడు? గొట్టం పెట్టినోడెవడు? వాని పెండ్లాం ఊరంత చెప్పదా?

దివిటీ
గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందని మా తాత చెప్పేవాడు. మీ తాత కూడా చెప్పే ఉంటాడు. నడిచినవాణ్ని మాత్రం ఎవరూ చూళ్లేదు. ఇల్లు కూడా అంతే, ఉందన్న మాట చాలదా?

మూసీ_ఒడ్డు
చాలదు! గదే నా కడుపుమంట. ఆటల మాంత్రికుని ఇల్లు దేవులాడుకుంట వారాల తరబడి పాలోన్ని పట్టుకున్నం, ధోబీకి పైసలిచ్చినం, నల్ల గేటు తట్టినం. తట్టినప్పుడల్ల "ఇది కాదు" అన్నవ్. అసలు మ్యాప్‌ల ఆ ఇల్లు పెట్టినవా గబ్బిలం? లేకుంటే మేం అలిసిపోయి నిలబడ్డ కాడ తలుపు పుట్టిస్తవా?

గోల్కొండ_గబ్బిలం
ఆట నడిపేవాడు అన్నీ ముందే రాసుకోవాలని రూలేమీ లేదు. మజా వచ్చిందా లేదా?

మూసీ_ఒడ్డు
వచ్చింది. నోట్‌బుక్ నిండ ఆధారాలు రాసుకున్న. ధోబీ చెప్పిన మాటకు విలువే లేకపోతే నేను ఆడింది ఏంది, నువ్వు చెప్పిన కథ విన్నుడేనా?

ఉస్మానియా_బిస్కట్
అన్నా, సీదా చెప్పు. ఇల్లు ఉందా లేదా?

గోల్కొండ_గబ్బిలం
వీధి అనుకున్నా. తలుపు ఇంకా అనుకోలేదు.

మూసీ_ఒడ్డు
ఏ వీధి?

గోల్కొండ_గబ్బిలం
అది చెప్తే ఆదివారం ఎవరొస్తారు?

మూసీ_ఒడ్డు
తలుపు గీసి, కవర్ల పెట్టి, అంటించి బిస్కట్ చేతికియ్యి. గప్పుడొస్త.

ఉస్మానియా_బిస్కట్
నా చేతికా? నేను ఆటోలోనే చింపి చూసేస్తా.