147573952589676412927: 2తో పరీక్షిస్తే ప్రధాన సంఖ్యలా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న:
నెల రోజులుగా ఈ ఒక్క సంఖ్యనే పట్టుకుని కూర్చున్నాను. ఇది 2^67 − 1, మొత్తం 21 అంకెలు. అంకెలన్నీ కూడితే 109, అంటే 3తో పోదు. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు 168. అన్నిటితోనూ కాగితం మీదే భాగించాను, ప్రతిసారీ శేషం మిగిలింది.

అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం గుర్తొచ్చింది. N ప్రధాన సంఖ్య, పైగా బేసి అయితే 2^(N−1)ని Nతో భాగించినప్పుడు శేషం 1 రావాలి. చిన్న ప్రోగ్రాం రాసి చూస్తే సరిగ్గా 1 వచ్చింది! ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. 2^p − 1 ఏయే p విలువలకు ప్రధాన సంఖ్య అవుతుందో చెబుతూ 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ఇచ్చిన జాబితాలో కూడా 67 ఉంది. కానీ ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా ఇది సంయుక్త సంఖ్య అనే ఉంది. నా లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు 1:
లెక్క తప్పలేదండీ, 1 రావాల్సిందే. చిక్కంతా 2ని ఎంచుకోవడంలో ఉంది. 2^67ని మీ Nతో భాగిస్తే శేషం 1. కాబట్టి ఘాతాంకం 67కి గుణిజమైతే చాలు, ఎప్పుడూ 1 వస్తుంది. N−1 అంటే 2^67 − 2. అది 67తో నిశ్శేషంగా పోతుందని చెప్పేది కూడా మీరు వాడిన సిద్ధాంతమే! చిన్నదాంట్లో చూడండి: 2^11 − 1 = 2047 = 23 × 89. 2046లో 11 ఉంది కాబట్టి అక్కడా 1 వస్తుంది. ఈ జాతి సంఖ్యలకు 2 సాక్ష్యం పనికిరాదు. 3తో చేసి చూడండి.

జవాబు 2:
ఆ 168 భాగహారాల గురించి ఒక మాట. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 134k + 1 రూపంలోనే ఉండాలి (k పూర్ణసంఖ్య), 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. వెయ్యి లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్య 269 ఒక్కటే. 8తో దాని శేషం 5, అదీ పోయింది. అసలు కారణాంకం k = 1445580 దగ్గర దొరుకుతుంది: 193707721. రెండోది 761838257287. ఇది సంయుక్తమని గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే, కారణాంకాలు తెలియకుండానే తేల్చారు. ఈ రెండు కారణాంకాలూ మరో గణితజ్ఞుడు కోల్ చేతికి చిక్కింది 1903లో.

ప్రశ్న అడిగినవారు:
3తో చేశాను, 1 రాలేదు. తర్వాత ఆ రెండిటినీ చేత్తో గుణించాను. చివర 927 రాగానే పెన్ను పక్కన పెట్టి కాసేపు అలాగే చూస్తుండిపోయాను. 134k + 1 ఎందుకో అర్థమైంది. 8తో శేషం 1, 7 మాత్రమే ఎందుకు?

జవాబు 2:
కారణాంకం q అనుకోండి. qతో భాగిస్తే 2^67 శేషం 1, కాబట్టి 2^68 శేషం 2. 2^68 అంటే 2^34కి వర్గం. అంటే q దగ్గర 2 ఒక వర్గశేషం (ఒక వర్గాన్ని qతో భాగిస్తే వచ్చే శేషం). బేసి ప్రధాన సంఖ్యల్లో 8తో శేషం 1 లేదా 7 వచ్చేవాటికే అది సాధ్యం.