మా అమ్మాయి చేతులు కడగడం ఆపట్లేదు, ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి అమ్మ:
మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. ఆరు నెలలుగా మోచేతుల దాకా కడుగుతూనే ఉంటోంది, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి, కుళాయి కూడా మోచేత్తోనే కట్టేస్తుంది. వేళ్ల కణుపుల దగ్గర పగిలి నెత్తురొస్తోంది, పులుసు తగిలితే మంటని చెంచాతో తింటోంది. మా అత్తగారేమో మడి పట్టింపు, మంచిదే అంటున్నారు. "అమ్మా, చెత్తబుట్ట ముట్టుకోలేదు కదా?" అని పదేపదే అడుగుతుంది, లేదమ్మా అంటే రెండు నిమిషాలే నెమ్మది. విసుగొచ్చి తిట్టాను కూడా. చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు, ఓసీడీ అంటారే, ఇది అదేనా? తగ్గుతుందా?

రాయగడ చెల్లి:
డాక్టరు చూసి తేల్చాలి గానీ మీరు చెప్పింది అలాగే ఉందక్కా. తొమ్మిదేళ్లు పడ్డాను, నాది తాళం వేశానా, గ్యాస్ కట్టేశానా అన్న అనుమానం. ఇప్పుడు చాలా తగ్గింది. మడి కట్టుకున్నవాళ్లు వంటయ్యాక హాయిగా కూర్చుంటారు, మీ పాపకి "అయిపోయింది" అన్న ఆ నెమ్మదే రాదు. మా ఆయన రోజూ తాళం చూసొచ్చి వేసే ఉందని చెప్పేవారు, ప్రేమతోనే, కానీ దాంతో నా అనుమానం ఇంకా ముదిరింది. ఈఆర్‌పీ అనే థెరపీ ఉంది, భయాన్ని ఎదుర్కొంటూ, చేసిందే మళ్లీ చెయ్యకుండా ఆగడం నేర్పుతారు. అందులో తాళం ఒక్కసారే వేసి, వెనక్కి చూడకుండా వీధి చివరిదాకా నడవమన్నారు. మొదటిరోజు ఏడ్చేశాను, ఒళ్లంతా చెమట, అయినా వెనక్కి వెళ్లలేదు, కాసేపటికి దడ దానంతటదే దిగింది. అలా చిన్న భయంతో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్తారు. మీరు మాత్రం ఒక్కసారిగా సబ్బు దాచేయకండి, పాపతో, థెరపిస్టుతో అనుకునే మెల్లగా తగ్గించాలి.

బరంపురం నర్సు:
మందులూ ఉన్నాయమ్మా, ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి. దీనికి మోతాదు తరచుగా డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువే పడుతుంది, గుణం సరిగ్గా తెలియడానికి 8 నుంచి 12 వారాలు. మూడు వారాలకే పనిచెయ్యలేదని మానేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న వయసు కాబట్టి మొదట్లో బాగా చిరాకుపడినా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా అదేరోజు డాక్టరుకి చెప్పండి. ఇక్కడ బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. ఈలోగా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు.

పర్లాకిమిడి అమ్మ:
చదివి వినిపిస్తే, తాళం దగ్గరికి వచ్చేసరికి "ఆవిడకీ ఇలాగేనా?" అని నా పక్కన కూర్చుంది. బుధవారం బరంపురం వస్తున్నాం. అక్కడ తెలుగు తెలిసిన డాక్టరు దొరుకుతారా? కాలేజీలో ఒడియా బాగానే మాట్లాడుతుంది, ఈ సంగతి మాత్రం తెలుగులోనే చెప్పగలనంటోంది.