బెజవాడ ఎండలో రోజూ సూటు: కుదిరే పనేనా, అసలు మనకెందుకు?

బందరురోడ్డు
అందరికీ నమస్తే. విజయవాడలో ఉంటాను, బీమా పాలసీల పని చేస్తాను, వయసు 36. నాకు సూటంటే ఇష్టం. పెళ్లిళ్లకే కాదు, మామూలు రోజుల్లో ఆఫీసుకి కూడా కోటు వేసుకెళ్లాలని ఉంది. అడ్డంకులు రెండు: ఎండ, మనుషులు.

పోయిన నెల రెండు రోజులు వేసుకెళ్లాను. లిఫ్టులో ఒకాయన "ఇంటర్వ్యూనా?" అన్నారు. క్యాంటీన్‌లో "పెళ్లెవరిది?" అన్నారు. మా మేనేజర్ గారైతే క్యాబిన్‌లోకి పిలిచి తలుపేసి మరీ, "వేరే ఉద్యోగం చూసుకుంటున్నావా?" అని అడిగారు. మూడో రోజు మామూలు చొక్కాతో వెళ్లాను.

నా దగ్గర ఉన్నది ఒకే సూటు, 2017లో రిసెప్షన్‌కి కొన్న రెడీమేడ్. మెరిసే నేవీ బ్లూ. స్కూటర్ మీద బెంజ్ సర్కిల్ దాటేసరికి వీపు తడిసి ముద్దవుతుంది. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి తెచ్చాక ఛాతీ మీద గుడ్డ బొబ్బలెక్కినట్టు అక్కడక్కడా ఉబ్బింది. చెయ్యి పైకెత్తితే కోటు మొత్తం చెయ్యితో పాటే లేస్తుంది.

తప్పు సూటుదా, నేను కొన్న సూటుదా? మంచిది కుట్టించుకుంటే రోజూ హాయిగా వేసుకోవచ్చని నా నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పత్తిగింజ
కాదనేవాణ్ని నేనే. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. బెజవాడలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనకేం కొత్త కాదు. ఆ ఎండలో, చలిదేశం వాళ్లు వాళ్ల చలికి తగ్గట్టు పెంచుకున్న దుస్తులు మోయడం ఒంటికి శిక్ష.

జపాన్ వాళ్లను చూడండి. అప్పట్లో సూటు లేకుండా ఆఫీసు గడప తొక్కని మనుషులు. అలాంటిది 2005లో అక్కడి పర్యావరణ శాఖ 'కూల్ బిజ్' అని మొదలుపెట్టి, వేసవిలో ఏసీ 28 డిగ్రీల దగ్గర ఉంచండి, కోటూ టై తీసేయండి అని చెప్పింది. మనం ఇప్పుడు తొడుక్కుంటే ఏమవుతుంది? కోటు వేసుకున్నాయనకు ఉక్కపోస్తుందని ఏసీ 20కి దించుతారు, పక్క సీట్లో చీర కట్టుకున్నావిడ శాలువా కప్పుకుంటుంది. ఇది నేను మా ఆఫీసులో రోజూ చూస్తున్నాను.

ఇంకో మాట. 1921లో మదురైలో గాంధీ గారు చొక్కా, టోపీ కూడా వదిలేసి కొల్లాయికి మారారు. నూరేళ్లు దాటింది. పక్కనే మంగళగిరి మగ్గాలు, అటు పొందూరు ఖద్దరు పెట్టుకుని మనకు ఇంకా దొరల బట్టే కావాలా?

కుట్టుమిషన్
సికింద్రాబాద్‌లో కోట్లు కుడతాను. నాన్న దగ్గర నేర్చుకున్నా, 28 ఏళ్లయింది. బందరురోడ్డు గారూ, మీరు చెప్పిన మూడు బాధలకూ మూడు వేరువేరు కారణాలున్నాయి. ఒక్కోటి చెప్తా.

బొబ్బలు: మీ కోటు ముందుభాగం ఆకారం నిలవడానికి లోపల ఒక పొర ఉంటుంది. చవకగా, తొందరగా కావాలంటే ఆ పొరను గమ్ముతో, ప్రెస్సు వేడితో గుడ్డకు అంటించేస్తారు. ఆవిరికీ డ్రై క్లీనింగ్ మందుకూ కొన్నాళ్లకు ఆ గమ్ము అక్కడక్కడా వదిలేస్తుంది. వదిలిన చోట గుడ్డ ఉబ్బుతుంది. దానికి మందు లేదు, ఎవరైనా సరిచేస్తామంటే నమ్మొద్దు. మంచి కోటులో గమ్ముకు బదులు క్యాన్వాస్ వేస్తాం. పత్తి, ఊలు, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గుడ్డ అది. చేతికుట్టుతో వదులుగా పట్టిస్తాం కాబట్టి వేసుకునే కొద్దీ మనిషి ఛాతీకి తగ్గట్టు ఒదుగుతుంది, లోపల గాలి కూడా ఆడుతుంది. మొత్తం క్యాన్వాస్ ఖర్చెక్కువ. ఛాతీ వరకు సగం క్యాన్వాస్ వేయించుకున్నా రోజువారీకి చాలు.

షాపులో తెలుసుకునేది ఎట్లా అంటే, కింది కాజా దగ్గర పైగుడ్డను ఒక చేత్తో, లోపలి వైపు గుడ్డను ఇంకో చేత్తో చిటికెతో పట్టుకుని మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ వేళ్లకు తగిలితే క్యాన్వాస్. తగలకుండా పైగుడ్డే అట్టలా ఉంటే గమ్ము. సగం క్యాన్వాస్ కోటైతే కింద తగలదు, ఛాతీ దగ్గర చూడాలి.

చెమట: నూటికి తొంభై మంది పైగుడ్డ చూస్తారు, లైనింగ్ చూడరు. మీ వీపును తడిపింది లైనింగే అయి ఉంటుంది. పాలిస్టర్ లైనింగ్ నిండా వేస్తే రెయిన్‌కోటు తొడుక్కున్నట్టే. మన ఎండలకు వీపు కింది భాగంలో లైనింగ్ అక్కర్లేదు. భుజాల దగ్గర కొంచెం, చేతుల్లో జారడానికి విస్కోస్ (రేయాన్) లైనింగ్ చాలు. లైనింగ్ తీసేస్తే పని తగ్గుతుందనుకోకండి, లోపలి కుట్లన్నీ కనబడతాయి కాబట్టి అంచులు విడిగా కట్టాలి. కుట్టుకూలి కొంచెం ఎక్కువే అడుగుతాం.

గుడ్డ: ఊలు అనగానే స్వెటర్ గుర్తొస్తుంది జనానికి. నిండు పన్నాతో మీటరు పొడవు ముక్క 230 నుంచి 260 గ్రాములు తూగే సాదా నేత ఊలు తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి, సన్నని జల్లెడలా కనబడుతుంది. నోటికి అడ్డం పెట్టి ఊదితే గాలి అవతలికి వెళ్తుంది. ఊలు తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. పాలిస్టర్ దాదాపు పీల్చదు. పత్తి పీల్చుకుంటుంది కానీ ఆరడానికి గంటలు పడుతుంది.

బట్టల షాపుల్లో సూపర్ 100, 120, 150 అని ఊరిస్తారు. అది ఊలు వెంట్రుక ఎంత సన్నదో చెప్పే లెక్క, అంతే. 100 అంటే వెంట్రుక మందం సగటున 18.75 మైక్రాన్లు మించకూడదు, 120 అంటే 17.75. అంకె పెరిగితే చల్లగా ఉంటుందని కాదు. రోజూ స్కూటరెక్కే మనిషి 150 తీసుకుంటే ఏడాది తిరక్కముందే ప్యాంటు సీటు దగ్గర అరుగుతుంది. మీకు 100, 110 చాలు. ఒక కోటుకు రెండు ప్యాంట్లు కుట్టించుకోండి, ముందు పోయేది ప్యాంటే.

చెయ్యి ఎత్తితే కోటు లేవడం: చంక. రెడీమేడ్‌లో అందరికీ పట్టాలని చంక కిందికి కోస్తారు. చంక ఎంత ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి అంత హాయిగా ఆడుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది, వేసుకుంటే తెలుస్తుంది. కోసేసిన చంకను మళ్లీ పైకి తేలేం. భుజం వెడల్పు కూడా అంతే, దాని జోలికి పోకూడదు. నడుము, చేతుల పొడవు, ప్యాంటు ఇవి మాత్రం ఎంతైనా సరిచేయొచ్చు. రెడీమేడ్ కొన్నా భుజం సరిపోయిందే కొని, మిగతావి ఆల్టరేషన్ చేయించండి.

నల్లకోటు
నేను గుంటూరులో లాయర్ని. చీర మీద కోటు, పదకొండేళ్లుగా. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. అయినా చాలామంది విప్పరు. సీనియర్లు ఏమనుకుంటారోనని కొందరు, అలవాటై కొందరు.

కుట్టుమిషన్ గారు చెప్పింది నేను ఒంటిమీద చూసుకున్నాను. మొదటి ఆరేళ్లు రెడీమేడ్ టెరికాట్ కోటు. మధ్యాహ్నానికి మెడ వెనక పొక్కులు. తర్వాత పల్చటి ఊలుతో, సగం లైనింగ్‌తో ఒకటి కుట్టించుకున్నాను. అదే కోర్టు హాలు, అదే ఫ్యాను, పొక్కులు పోయాయి.

కానీ బందరురోడ్డు గారూ, ఒక విషయం. కోటు వేసుకుని బండి నడపకండి. ఎండ దెబ్బకు వీపు దగ్గర రంగు వెలిసిపోతుంది, ముడతలు సరేసరి. మడిచి సంచిలో పెట్టుకెళ్లి ఆఫీసులో వేసుకోండి. మడిచేటప్పుడు ఒక భుజాన్ని తిరగేసి, రెండో భుజాన్ని అందులో దూర్చాలి. అప్పుడు లైనింగ్ వైపు బయటికొస్తుంది, ముడత పడదు. రోజూ ఒకే కోటు వేయకండి. ఒకరోజు వేసింది వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి మర్నాడంతా గాలికి వదిలేయండి. ప్రతిసారీ డ్రై క్లీనింగ్ వద్దు, బ్రష్‌తో దులిపితే చాలు.

పత్తిగింజ గారు ఏసీ గురించి చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. కోటు వేసుకున్నవాళ్లు రిమోట్ పట్టుకోకూడదు.

ఊరిచివరిల్లు
కుట్టు సంగతులు బాగున్నాయి. నేను 'దొరల బట్ట' అన్న మాట దగ్గరే ఆగిపోయాను, పత్తిగింజ గారూ.

మా వాడ మొదట్లో ఒక విగ్రహం ఉంది. నీలం కోటు, ఎర్ర టై, ఒక చేతిలో పుస్తకం, ఇంకో చెయ్యి ముందుకు చాచి చూపుడు వేలు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. నా చిన్నప్పుడు మా ఊరికి సూటు వేసుకున్న మనిషి ఎవరూ వచ్చిన గుర్తులేదు. నాకు తెలిసిన మొదటి సూటు ఆయనది.

మా తాత కాలంలో మా వాళ్లు మోకాలు దాటి పంచె కట్టినా, చెప్పులతో పెద్దవీధిలో నడిచినా ఊరుకునేవాళ్లు కాదు. గాంధీ గారు విప్పడానికి ఆయన ఒంటిమీద బట్టలున్నాయి. మా తాతకు విప్పడానికి ఏముంది? అంబేద్కర్ గారు నిండుగా తొడుక్కుని నిలబడ్డారు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల ఎత్తున ఆయన్ని నిలబెట్టారు. రెండు చోట్లా సూటులోనే. బందరురోడ్డు గారు ఆ రోడ్డు మీద వెళ్తూ చూసే ఉంటారు.

మా నాన్న ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఆయనకు ఒకటే కోటు ఉండేది, బూడిద రంగు. కుడి మోచెయ్యి దగ్గర అరిగితే లోపల్నుంచి అమ్మ వేసిన రఫ్ఫు దగ్గరగా చూస్తే గాని తెలిసేది కాదు. ఏప్రిల్ 14న, అంబేద్కర్ గారి జయంతికి, ఎంత ఎండైనా అది వేసుకుని దండ వేయడానికి వెళ్లేవారు. నాఫ్తలీన్ వాసన, చెమట, బంతిపూలు. "ఉక్కపోయట్లేదా నాన్నా?" అని ఒకసారి అడిగాను. "పోస్తుంది, అయితే?" అన్నారు. కోటు సుఖమా కాదా అని లెక్కలేసేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలని నా విన్నపం.

పత్తిగింజ
'దొరల బట్ట' అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారి కోటు గురించి చదివాక ఆ మాట నా నోట మళ్లీ రాదు.

కానీ నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది. ఏప్రిల్ 14న వేసుకోవడం వేరు, జూన్ దాకా రోజూ వేసుకోవడం వేరు. కోటే కావాలంటే మన నేతతో ఎందుకు కుట్టకూడదు? లేదా మెడ దాకా గుండీలుండే బంద్‌గలా ఉంది కదా, మన వాతావరణానికి అదే మేలు కాదా? కుట్టుమిషన్ గారు చెప్పాలి.

కుట్టుమిషన్
బంద్‌గలా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటన్నా. పేరులోనే ఉంది, గొంతు మూసింది. కోటు లోపలి వేడి గాలి చాలావరకు పైకి పోయేది మెడ దగ్గర్నుంచి. ముందు తెరిచి ఉండే కోటు, టై లేకుండా పై గుండీ వదిలేసిన చొక్కా మీద వేస్తే, బంద్‌గలా కన్నా చల్లగా ఉంటుంది. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో షేర్వానీలు కుట్టేవాళ్లనడగండి, వాళ్లూ ఇదే చెప్తారు. బంద్‌గలా ఒక్క పూట వేడుకకే.

మన నేత సంగతి. మంగళగిరి గుడ్డ చొక్కాకు బంగారం లాంటిది, కోటుకు పలచన. ముతక రకం ఖద్దరుతో లైనింగ్ లేని కోటు కుదురుతుంది, ఒక లెక్చరర్ గారికి కుట్టాను. కోయకముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే చేతులు పొట్టివైపోతాయి. మోచేతుల దగ్గర గుడ్డ సాగుతుంది, ఇస్త్రీ మడత నిలవదు. అది ఇష్టపడే మనిషికి అది అందమే. మడత కత్తిలా ఉండాలనుకునే మనిషికి ఇవ్వను, తిరిగొచ్చి గొడవ పెట్టుకుంటాడు.

డల్లాస్‌నుంచి
మా దగ్గరా వేసవి మీలాగే మండుతుంది. మా ఆఫీసులో సూటు వేసేది నేనొక్కణ్నే. మనుషుల మాటల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా: ఒకేసారి పూర్తి సూటుతో వెళ్లకండి. మొదట కోటు ఒక రంగు, ప్యాంటు ఇంకో రంగు, టై వద్దు, మెరుపు అస్సలు వద్దు. మెరిస్తేనే పెళ్లి గుర్తొస్తుంది జనానికి. వారంలో మూడు రోజులు, తప్పకుండా అవే రోజులు. నాకు మూడో వారానికి అడగడం ఆపేశారు.

బందరురోడ్డు
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. నా రిసెప్షన్ కోటు కాజా దగ్గర పట్టుకుని చూశాను. ఛాతీ దగ్గరా చూశాను. మూడో పొర లేదు.

వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లి మూడు షాపుల్లో గుడ్డను వెలుతురుకు పట్టి చూపించమన్నాను. ఒకాయన విసుక్కున్నారు, ఒకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి తానులు దించారు. బూడిద రంగు సాదా నేత, 240 గ్రాములు, సూపర్ 110. ఊరిచివరిల్లు గారి నాన్నగారి కోటు మనసులో ఉండి ఆ రంగు మీదే చెయ్యి పడింది. సగం క్యాన్వాస్, సగం లైనింగ్, రెండు ప్యాంట్లు. అన్నీ కలిపి 22 వేలు. నా జీతానికి తక్కువేం కాదు, నాలుగు నెలలు దాచుకున్న డబ్బు.

నిన్న కచ్చా ట్రయల్. తెల్ల దారం కుట్లతో, కాలర్ లేకుండా, ఒక చెయ్యే ఉన్న కోటు వేశారు. చంక పైకి కావాలని ముందే చెప్పాను, అయినా ఆయన అలవాటు ప్రకారం కొంచెం కిందికి ఉంచారు. అదృష్టం, చంక దగ్గర గుడ్డ మిగిల్చి పచ్చికుట్టు వేశారు, చాక్‌పీస్ గీత దాకా ఇంకా కోయలేదు. బస్సులో రాడ్ పట్టుకున్నట్టు చెయ్యెత్తి చూపించాను. కోటు అంచు లేచింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, పాత గీత చెరిపి, ముప్పావు అంగుళం పైన కొత్త గీత గీసి, గుండుసూదులు మార్చి, "ఇప్పుడెత్తండి" అన్నారు. ఎత్తాను. అంచు కదల్లేదు.

పత్తిగింజ గారూ, మే నెలలో మీరు బెజవాడ వస్తే ఆ కోటులోనే కలుస్తాను. ఏసీ 28 మీదే ఉంటుంది.

పత్తిగింజ
వస్తాను. మంగళగిరి చొక్కా ఒకటి తెస్తాను, దాని లోపల వేసుకోండి.